నేరుగా వెళ్లని పడవ

ఆ ఉదయం ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు పిట్ట పందేనికి వెళ్తుంది, అమ్మానాన్నలు ఇంట్లో ఉంటారు. తెరచాప పడవల పోటీల్లో అది ఆఖరి పందెం. గెలిచిన ఒక్కరికే జాతీయ జట్టులో చోటు. దానికోసం పిట్ట చిన్నప్పటి నుంచీ నీళ్లలోనే నానుతోంది. తీరా బయల్దేరేటప్పుడు అమ్మ మొహం చూసి మెత్తబడింది.

"సరే, వస్తే రండి. కానీ అరవకూడదు!"

"ఒట్టు, నోరు విప్పను," అన్నాడు నాన్న. ఆయనది డ్రైవింగ్ స్కూలు. బతుకంతా పక్క సీట్లో కూర్చుని "నేరుగా పోనీ, నేరుగా పోనీ" అంటూ జనాన్ని బాగుచేసిన మనిషి. పడవ పందెం చూడటం ఇదే మొదలు.

కారును గట్టు మీద, పందెం నడిపే అధికారి మంచె పక్కనే ఆపాడు. పందెం మొదలైంది. చుట్టి రావలసిన నారింజ రంగు బుడగ ఎదురుగా తేలుతూనే ఉంది. పిట్ట పడవ మాత్రం ఏటవాలుగా పక్కకి పోయింది.

"అదేంటే, దారి అటుంటే ఇది ఇటు పోతోంది?"

"అందరూ వంకరగానే పోతున్నారు కదండీ."

"వాళ్లది కుడి వంకర. మనదొక్కటే ఎడమ వంకర!"

ఎదురుగాలిలో ఏ తెరచాప పడవకీ నేరుగా పోవడం కుదరదని, అటోసారి ఇటోసారి మళ్లుతూ పోవాలని, ఎడమవైపు గాలి బాగుందని పిట్ట కనిపెట్టిందని వాళ్లకి చెప్పే నాథుడు లేడు. పిల్ల దారి తప్పిందనుకున్నాడు నాన్న. అరవనని ఒట్టు వేశాడు గానీ హారన్ కొట్టనని వేయలేదుగా! కారులోకి దూరి మూడుసార్లు గట్టిగా కొట్టాడు. అమ్మ మాత్రం ఊరుకుంటుందా? పిల్ల తల తుడవడానికి తెచ్చిన నీలం తెలుపు గళ్ల తువ్వాలును, మంచె పక్కన ఖాళీగా ఉన్న జెండా కర్రకి కట్టి ఎగరేసింది.

పడవ పందేల్లో నీలం తెలుపు గళ్ల జెండా, మూడు కూతలు అంటే పందెం రద్దయినట్టు. పిట్ట తప్ప అందరూ టక్కున వెనక్కి తిరిగారు.

"చూశావా! అందరికీ అర్థమైంది, మనదాని బుర్రకే ఎక్కలేదు," అంటూ నాన్న ఇంకో మూడు కొట్టాడు.

మంచె మీద అధికారి తన సహాయకురాలి మీద విరుచుకుపడ్డాడు. "ఎవరు రద్దు చేయమన్నారమ్మా?"

"మీరే చేశారనుకున్నాను సార్!"

"నేనా? ఎప్పుడు?" అని ఆయన కాసేపు తన మీద తానే అనుమానపడి, తర్వాత కిందికి చూసి, తువ్వాలును గుర్తుపట్టి తల పట్టుకున్నాడు.

పిట్ట ఒక్కతే పందెం పూర్తి చేసి ఒడ్డుకు వచ్చింది. "నువ్వెందుకు తిరగలేదు?" అని అడిగాడు అధికారి.

"అది మా నాన్న హారన్ సార్. పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. అది మోగిందని నేనెప్పుడైనా ఆగితేగా!"

అధికారి నవ్వలేదు. మిగతావాళ్లు మోసపోయారు కాబట్టి పందెం మళ్లీ పెడతానన్నాడు. పిట్ట కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనే ముందున్నాను నాన్నా! చేతికొచ్చింది లాగేశారు కదా!"

నాన్నకి ప్రాణం ఉసూరుమంది. కారు తాళాలు తానే తీసుకెళ్లి అధికారి చేతిలో పెట్టి, గట్టు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

రెండోసారీ పిట్ట ఎడమకే పోయింది. ఈసారి మిగతావాళ్లు కూడా, ఏదో కిటుకు దొరికిందనుకుని, పొలోమని దాని వెనకే పోయారు.

"అయ్యో, అందర్నీ చెడగొట్టింది," అని గొణిగాడు నాన్న.

కానీ వెంటపడినవాళ్లకి, ముందున్న పిట్ట తెరచాప వాడుకుని వదిలేసిన గాలే దక్కింది. ఉక్కిరిబిక్కిరై వాళ్లు అక్కడే కొట్టుమిట్టాడుతుంటే, పిట్ట అందరికంటే ఎంతో ముందుగా ముగింపు గీత దాటేసింది. ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. జట్టులో చోటు ఖాయమైంది. అమ్మ గట్టు మీదే బావురుమంది. పిట్ట పరుగెత్తుకొచ్చి నాన్నని చుట్టేసుకుని, తడిబట్టలతో ఆయన్నీ తడిపేసింది.

"చూశావా నాన్నా?"

"చూశానమ్మా," అన్నాడు నాన్న కళ్లు తుడుచుకుంటూ. "నేరుగా పోయి ఉంటే ఇంకా తొందరగా వచ్చేదానివి."