వాగు కనిపించేంత వెలుతురు

ఇప్పలమడుగు మండల ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, మండల కేంద్రంలో కొత్తగా కట్టిన ప్రజా సభాభవనానికి, చుట్టుపక్కల ఎక్కడా లేనంత వెలుతురు గల లేజర్ ప్రొజెక్టరు కొనడానికి నిర్ణయించడమైనది. నిర్ణయించింది మండల అధ్యక్షుడు పగిడయ్య. దాన్ని మైకులో చదివింది ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు దేవ్లా. చదువుతుంటే దేవ్లా గొంతు వణికింది. మైకు పాతదైపోయిందని అందరూ అనుకున్నారు.

గొంతు వణకడానికి కారణం ఎర్రవాగు. పినపాక వైపు అడవి అంచున ఉన్న బోడుతండా దేవ్లా సొంత ఊరు. నౌకరీ వచ్చాక అతను మండల కేంద్రంలో కిరాయింటికి మారాడు గానీ, చెల్లెలు హేమ్లి అక్కడే పత్తి చేను చేసుకుంటూ ఉండిపోయింది. తండాకూ రోడ్డుకూ మధ్య ఆ వాగు. ఎండాకాలం అందులో మేకలు పడుకుంటాయి. వానాకాలం మనుషుల్ని దాటనివ్వదు. కిందటి వానల్లో ఒక గర్భిణిని నులక మంచం మీద పడుకోబెట్టి నలుగురు మగవాళ్లు రొమ్ములోతు నీళ్లలో మోసుకొచ్చారు. ఈ వానల్లో మోయవలసి వస్తే ఆ మంచం మీద ఉండేది హేమ్లి కూతురు పుష్ప. శ్రావణంలో కాన్పు అని దవాఖానాలో చెప్పారు.

వాగు మీద వంతెన కావాలని దేవ్లా తన చేత్తోనే ప్రతిపాదన రాసి, ఫోటోలు జతచేసి పైకి పంపాడు. ఆ ఫోటోలు ఒక ఆఫీసు జిరాక్సు మిషన్లోంచి ఇంకో ఆఫీసు జిరాక్సు మిషన్లోకి ప్రయాణం చేసి, చేరవలసిన బల్ల చేరేసరికి కొత్త తారురోడ్డులా నల్లగా నిగనిగలాడాయి. "సమస్య తీవ్రత స్పష్టంగా కనిపించుట లేదు" అనే వ్యాఖ్యతో ఫైలు వెనక్కి వచ్చింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కనిపించని వాగు మీద కనిపించే వంతెన ఎవరు మాత్రం కడతారు?

ఫైలు చూసి పగిడయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. ఆయన అంతకన్నా ఎక్కువ ఆలోచించడు, అవసరం రాదు.

"కనవడకపోతే తప్పు ఎవరిది దేవ్లా? వెలుతురుది. కాయితాలు పంపితే ఎట్ల కనవడ్తది? సినిమా లెక్క గోడ మీద ఎయ్యాలె. భవనం ఓపెనింగుకు వంతెనలకు పైసలిచ్చే పెద్దసారు వస్తున్నడు. ఆయన ముంగట ఆ వాగు పారాలె."

ఈ మాట దేవ్లాకు ఎంత నచ్చిందంటే, లేచి ఆయన కాళ్లకు దండం పెట్టబోయాడు. ప్రజల బాధలు పెద్దలకు కనపడకపోవడం కేవలం వెలుతురు సమస్య అని అతనూ మనస్ఫూర్తిగా నమ్మాడు. పాపం, డిగ్రీ చదివినవాడు. మంచం మోసిన వీడియో తన ఫోన్లోనే ఉంది. దాన్ని పెద్దసారు ఒక్కసారి చూస్తే చాలు, శ్రావణానికి వంతెన కాకపోయినా కనీసం పైపులేసి మట్టి పోసిన దారి వస్తుందని లెక్కవేసుకున్నాడు.

వెంటనే కమిటీ వెలిసింది. అధ్యక్షుడు పగిడయ్య, సభ్యురాలు అభివృద్ధి అధికారి నిర్మలాదేవి, పని చేయడానికి దేవ్లా.

భవనం సంగతి కొంత చెప్పాలి. ఇంజనీరు పట్నంలో ఏదో మాల్ చూసివచ్చి, రెండు పక్కలా నిలువెత్తు అద్దాలు బిగించాడు. వాటికి కర్టెన్లు మాత్రం ఎస్టిమేటులోకి రావడం మరిచిపోయాయి. పైగా పొద్దున సభ అని కార్డు కొట్టించి, మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టడం మన సంప్రదాయం. కనుక కొనబోయే ప్రొజెక్టరు సాక్షాత్తు సూర్యుణ్ణి ఓడించాలి. కర్టెను గుడ్డ కొడితే సరిపోతుంది కదా మేడం అని దేవ్లా మెల్లగా అన్నాడు. కర్టెన్లు ఫర్నిచర్ పద్దులో వస్తాయనీ, ప్రొజెక్టరు ప్రజాచైతన్యం పద్దులో వస్తుందనీ, ఫర్నిచర్ పద్దు ఎప్పుడో అయిపోయినా ప్రజాచైతన్యం ఇంకా అలాగే మిగిలి ఉందనీ నిర్మలాదేవి ఓపికగా వివరించింది.

కంపెనీలవాళ్లు వచ్చారు. వెలుతురును కొలిచేదాన్ని ల్యూమెన్లంటారని చెప్పారు. ఎన్ని ల్యూమెన్లు కావాలని అడిగితే పగిడయ్య ఎదురు ప్రశ్న వేశాడు.

"మా పక్క మండలంల ఎంతది ఉన్నది?"

"వాళ్లకు ప్రొజెక్టరే లేదు సార్."

"అయితే దానికంటె పెద్దది కావాలె."

వచ్చినవాళ్లలో ఒకడు కుర్రతనం పోనివాడు. ముందు ఎవరు ఎక్కడ కూర్చుంటారో చెప్పండి, దాన్నిబట్టి లెన్సూ, తెర ఎత్తూ, వెలుతురూ నిర్ణయిద్దాం అన్నాడు. కమిటీ నిర్ఘాంతపోయింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ప్రోటోకాల్ చెప్తుంది గానీ మిషన్లు అమ్ముకునేవాడు చెప్పడమేమిటి? టీ ఇచ్చి పంపేశారు.

మిగిలినవాటిలో ఏది మేలన్న చిక్కును పగిడయ్య తన చిన్ననాటి అనుభవంతో విప్పాడు. అడవి ఊళ్ల సంతలో టార్చిలైటు కొనేటప్పుడు, దుకాణదారుడి చేత మన ముఖం మీదే వేయించుకుని చూస్తాం. కళ్లు మూతపడితే సరుకు మంచిది. అదే పరీక్ష ఇక్కడా జరిగింది. అధ్యక్షులవారు తెరకు వీపు ఆనించి నిలబడ్డారు, ప్రొజెక్టర్లు వరుసగా ఆయన ముఖం మీద వెలిగాయి. కళ్లు రెండూ మూసుకుని, చేతులు అడ్డం పెట్టుకుని, "గిదే, గిదే, ఆర్డర్ పెట్టు" అన్న చోట ఎంపిక పూర్తయింది. ఆ తర్వాత ఆయన సాయంత్రం దాకా మనుషుల్ని గొంతును బట్టి గుర్తుపట్టారు.

అయినా వస్తువు మంచిదే. అబద్ధం చెప్పకూడదు. బిగించిన రోజు కమిటీ కింద ముందు వరుసలో కూర్చుంటే, దేవ్లా తన ఫోన్లోని వీడియో వేసి చూపించాడు. అద్దాల్లోంచి ఎండ దంచుతున్నా ఎర్రవాగు గోడంత ఎత్తున ఎర్రగా పారింది. మంచం మీది మనిషి పళ్లు బిగబట్టడం కూడా కనిపించింది. నిర్మలాదేవి చేతిరుమాలుతో కళ్లు తుడుచుకుంది. ఆ రోజు దేవ్లా చెల్లెలికి ఫోన్ చేసి, పుష్పను కూడా తీసుకుని ఓపెనింగుకు రమ్మన్నాడు. అతనికి ఏడుపు వచ్చింది. ఇన్నేళ్ల నౌకరీలో తన చేత్తో ఒక మంచి పని జరగబోతోందని తృప్తి పడ్డాడు.

ప్రారంభోత్సవం రానే వచ్చింది. వేదిక మీద కుర్చీలు మొదట ఒక వరుసే అనుకున్నారు, చివరికి మూడయ్యాయి. పిలిచినవాళ్లకు ఒక వరుస, పిలవనందుకు అలిగినవాళ్లకు ఇంకో వరుస, అలిగినవాళ్లను తీసుకొచ్చినవాళ్లకు మరో వరుస. పెద్దసారు నడుమ ఆసీనులయ్యారు. అందరూ ప్రజల వైపు ముఖం, తెర వైపు వీపు. ఇన్నాళ్లూ ఇన్ని లెక్కలు చూసిన దేవ్లాకు ఈ లెక్క అప్పుడు తట్టింది. పరుగున పోయి పగిడయ్య చెవిలో చెప్పాడు.

"సార్, పెద్దసారు ఒక్క అయిదు నిమిషాలు కిందికొచ్చి కూసుంటే..."

"పెద్దసారును స్టేజీ దిగమంటవా? నీకు నౌకరీ మీద ఆశ లేదా ఏంది?"

"పోనీ, కుర్చీలు జర ఎనకకు తిప్పుదమా సార్?"

"ప్రజల దిక్కు ఈపు పెట్టి కూసుంటే రేపు పేపర్ల ఏం రాస్తరు?"

నిజమే. ప్రజలకు వీపు చూపించే నాయకుల్ని ప్రజలు క్షమించరు. వాగుకు వీపు చూపించవచ్చు, వాగు పేపరు చదవదు.

ప్రొజెక్టరు వెలిగింది. సంత టార్చి పరీక్ష నెగ్గిన సరుకు కదా, వేదిక మీద ఒక్కరికీ కళ్లు తెరిపిడి పడలేదు. అప్పటికప్పుడు ఒక మనిషి పరుగెత్తి, భద్రాచలం యాత్రికులకు అమ్మే నల్లకళ్లద్దాల బండిని గేటు దగ్గరే ఆపి, అందరికీ తలా ఒకటి తెచ్చాడు. పెట్టుకుని పెద్దలంతా హాయిగా కూర్చున్నారు. వాగు సగం తెర మీద, సగం వాళ్ల తెల్లచొక్కాల మీద పారింది. పెద్దసారు ఛాతీ మీదుగా మంచం సాగిపోయింది. ఎదురుగా జనం నాలుకలు చప్పరించారు, కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. వెనక వరుసలో పుష్ప తన పొట్ట మీద చెయ్యి వేసుకుని చూస్తోంది.

వీడియో ముగిసింది. పెద్దసారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, ఎన్నో మండలాలు తిరిగాను. కానీ ఒక భవనం ప్రారంభించినందుకు ప్రజల కళ్లలో ఇన్ని ఆనందబాష్పాలు నేను ఎక్కడా చూడలేదు. ఈ వెలుగు మీ ప్రతి గడపకూ చేరాలని మనసారా కోరుకుంటున్నాను."

చప్పట్లు మోగాయి. బోడుతండా వాళ్లు కూడా కొట్టారు. పక్కవాళ్లు కొడుతుంటే ఊరుకోవడం మర్యాద కాదు.

బయటికి వచ్చాక హేమ్లి అడిగింది. "గా నల్లద్దాలు ఎందుకు పెట్టుకున్నరన్నా?"

"వెలుతురు ఎక్కువైందమ్మా" అన్నాడు దేవ్లా.

అయినా ఆశ వదలక, వీడియోను ఫైలుకు జతచేసి మళ్లీ పైకి పంపాడు. ఈసారి జవాబు త్వరగానే వచ్చింది. "ఫోనుతో తీసిన సదరు వీడియో, మీ మండలంలో నెలకొల్పిన అత్యాధునిక ప్రొజెక్టరు స్థాయికి తగిన స్పష్టత కలిగి లేదు. రానున్న వర్షాకాలంలో నాణ్యమైన వీడియో తీసి పంపగలరు." పగిడయ్య దీన్ని విజయంగా ప్రకటించాడు. వద్దనలేదు, మంచిగ తీయమన్నారు, అంతే కదా అన్నాడు. దేవ్లా అప్పు చేసి పెద్ద కెమెరా ఉన్న ఫోను కొన్నాడు.

శ్రావణం వచ్చింది, వానా వచ్చింది. పుష్పకు నొప్పులు మొదలైన మధ్యాహ్నం ఎర్రవాగు నిండుగా ఉంది. అంబులెన్సు అవతలి గట్టున ఆగిపోయింది. వీరన్న, ఇంకో ముగ్గురు ఎత్తుకున్న నులక మంచం నీళ్లలోకి దిగింది. రొమ్ములోతు నీళ్లలో దేవ్లా ముందు నిలబడి, కొత్త ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"జర ఆగుండ్రి, ముఖం వెలుతురుల పడ్తలేదు. కొంచెం ఇటు తిప్పుండ్రి."

మంచం పక్కనే నడుస్తున్న హేమ్లి అన్న వంక చూసింది. "అన్నా, వీరన్న కాలు జారుతున్నది. మంచం కోడు పట్టు."

దేవ్లా పట్టుకున్నాడు. మంచం గట్టు చేరింది. అంబులెన్సులోనే పుష్పకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డ క్షేమం. ఆ వీడియో మాత్రం లక్షలమంది చూశారు. అయ్యో అన్నారు, కింద ఏడుపు బొమ్మలు పెట్టారు, పక్కవాళ్లకు పంపారు. ఈపాటికి మీకూ వచ్చే ఉంటుంది. అందులో బొమ్మ నడుమ కొంత కదిలినట్టుంటే పెద్దమనసు చేసుకోవాలి. తీసినాయన ఒక చేత్తో మంచం పట్టుకుని ఉన్నాడు.