బీరువా రోజున ఎక్స్‌టెండెడ్ మిక్స్

ఆరిన బట్టలను డీజేగారు ఎవరూ అడగకుండానే మడతపెడుతున్నారు. ఆయన మొదటిసారి ఇలా మడతపెట్టిన రోజున ఇంట్లోకి మనిషెత్తు స్పీకర్లు వచ్చాయి. అందుకే ఆయన భార్య బీన్స్ తరుగుతూ తలెత్తకుండానే అడిగింది.

“ఏం కావాలి?”

“ఏమీ వద్దు. సాయంత్రం ఫంక్షన్ హాల్లో ప్రోగ్రాం ఉందిగా, పాటలు కలుపుకోవాలి. మధ్యాహ్నం దాకా గది తలుపు తియ్యొద్దు.”

ఆ మధ్యాహ్నంలోపే ఆయన బావమరిది ఇల్లు మారుతున్నాడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఇనప బీరువా ఉంది. డీజేగారి నడుముకూ ఆ బీరువాకూ పాత పరిచయం. ఆ పరిచయాన్ని పెంచుకునే ఉద్దేశం నడుముకు లేదు.

“తమ్ముడు ఒక్కడే మొయ్యలేడండీ.”

“వాడికి స్నేహితులు లేరా?”

“ఉన్నారు. వాళ్ళు కూడా ఇవాళే బట్టలు మడతపెడుతున్నట్టున్నారు.”

డీజేగారు వినిపించుకోలేదు. “ఒక్కో పాటా ఎన్ని రకాలో నీకేం తెలుసు? రేడియో ఎడిట్ అంటే రేడియో కోసం కత్తిరించిన పొట్టి పాట. ఎక్స్‌టెండెడ్ మిక్స్ పొడుగ్గా ఉంటుంది, ముందూ వెనకా ఉత్త దరువే. ఆ దరువు మీదే పక్క పాటను అతికించాలి. వీఐపీ మిక్స్ అంటే పాట చేసినవాడే మళ్ళీ మార్చుకున్నది. బూట్‌లెగ్ అంటే ఇంకెవడో అడక్కుండా మార్చేసింది.”

“మీ అక్క నా పట్టుచీరను గౌనుగా కుట్టించినట్టు.”

మాట బీరువా మీంచి చీర మీదికి మళ్ళినందుకు సంతోషించి, డీజేగారు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఫోన్లో పాటలను వరసగా పెట్టి, స్పీకరుకు తగిలించి, దుప్పటి కప్పుకున్నారు. అల్మారాలో కప్పులు అదురుతుంటే ఆయనకు హాయిగా నిద్ర పట్టింది. అంత మోతలో నిద్రపోవడం ఆ వృత్తిలో వచ్చే ఒకే ఒక్క లాభం.

కాసేపటికి ఒక పాట టక్కున తెగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. తర్వాత ఇంకో పాట మొదలైంది. డీజేగారికి ఇదేమీ తెలియదు. బయట బీన్స్ తరిగే కత్తి మాత్రం ఆగింది.

ఆయన కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో భార్య నిలబడి ఉంది.

“కళ్ళు మూసుకుని వింటున్నా. దరువు అలాగే పట్టాలి,” అన్నారు, దుప్పటిలోంచి.

“ఇందాక మధ్యలో చప్పుడు ఆగిపోయిందేం?”

“జనం ఊపిరి పీల్చుకోవాలిగా.”

“ఇందాక తెగింది రేడియో ఎడిటేగా. దానికి చివర దరువుండదు, అతికించే చోటుండదు, హాల్లో అది వేసేవాడు డీజేయే కాదని మొన్న ఎవరినో ఫోన్లో తిట్టారు. నేను పక్కనే ఉన్నా. మనిషి కలిపితే మధ్యలో ఖాళీ రాదండీ. ఫోను దానంతటది పాడితేనే వస్తుంది.”

డీజేగారు దుప్పటిని ఇంకాస్త పైకి లాక్కున్నారు.

“తమ్ముడు ఫోన్ చేశాడు. బావ ఎంతసేపు ఉండగలడని అడిగాడు.”

“అరగంట అని చెప్పు.”

“ఎక్స్‌టెండెడ్ అని చెప్పేశా. ముందు బీరువా, చివర మంచం. మధ్యలో మీ ఇష్టం, ఏ పెట్టెలైనా మొయ్యండి.”

డీజేగారు పాట ఆపారు. నడుముకు బెల్టు బిగించారు. చెప్పులు వేసుకుని గడప దాటారు.