ఆదికిచ్చిన అమెరికా కోటు

సద్దుల బతుకమ్మకు ముందురోజు పొద్దున్నే లీల ఒక చిన్న పని పెట్టుకుంది. తోటికోడలు రుక్మిణి తలంటుకోవడానికి పోగానే, దండెం మీద ఎండకు వేసిన అమెరికా కోటును తీసి కొంగు కింద దాచి, రెండు గల్లీల అవతల ఉన్న దర్జీ లస్మయ్యకు ఆదిగా ఇవ్వాలి. అచ్చం అలాంటిదే తన భర్త సోమేశ్వర్‌కు దసరాలోపు కుట్టించాలి. కొలతలు రాసుకోగానే కోటును మళ్ళీ దండెం మీదికి చేర్చాలి. రుక్మిణి తల తుడుచుకుని, సాంబ్రాణి పొగ పట్టుకుని, దేవుడికి దీపం పెట్టి బయటికి వచ్చేసరికి గంటన్నర పడుతుంది. అంతసేపు చాలు.

ఆ కోటు జనగామకు వచ్చి రెండు నెలలయింది. రుక్మిణి తమ్ముడు కల్యాణ్ హైదరాబాదులో ఒక అమెరికా దొరకు కారు నడిపేవాడు. దొర తన దేశానికి తిరిగిపోతూ పెట్టెలో పట్టని కోటును కల్యాణ్ చేతిలో పెట్టాడు. కల్యాణ్ దాన్ని తెచ్చి బావ హరీష్‌కు ఇచ్చాడు. ముదురు నీలం రంగు, లోపల జారిపోయే అస్తరు, వీపు మీద రెక్కలు చాచిన గద్ద, గద్ద కాళ్ళ కింద ఆ దేశపు జెండా. హరీష్ దాన్ని ఎర్రటి ఎండలో కూడా తొడుక్కుని కిరాణా కొట్లో కూర్చునేవాడు. చెమటకు ముద్దయిపోయేవాడు కానీ విప్పేవాడు కాదు.

ఇంటి ముందుగదిలోని ఆ కొట్టు అన్నదమ్ములిద్దరిదీ. ఇంటికి వంటిళ్ళు రెండు, వాకిలి ఒకటే. ఆ వాకిట్లో నడిమికి ఒక గోడ లేవడానికి ఒక్క మాట తేడా వస్తే చాలునని లీల పెళ్ళయిన నాటి నుంచి భయపడుతూనే ఉంది. అందుకే మనసులో ఎంత మండినా పైకి నవ్వేది. కోటు వచ్చిన తర్వాత నవ్వడం కష్టమైంది.

"అక్కా, అమెరికల పాలు నెల దాక ఇరగవట," అంది రుక్మిణి ఒకనాడు చాటలో బియ్యం చెరుగుతూ.

"నెల దాక ఇరగకుంటే గవి పాలెట్లయితయే? సున్నం నీళ్ళు గావచ్చు."

"ఆడ కుక్కలకు సుత పుట్టినరోజు చేస్తరట."

"మరి అవ్వలకు, తాతలకు? వాళ్ళను ఏడనో ఇడిసిపెట్టి వచ్చి కుక్క ముంగట కేకు కోస్తరా? థూ!"

థూ అన్నదే కానీ ఆ పూట లీలకు ముద్ద దిగలేదు. తన ఇంట్లో అలాంటి కోటు ఉంటే కుక్కల పుట్టినరోజు గురించి ఆమె కూడా కొంచెం మెత్తగానే మాట్లాడేది.

సోమేశ్వర్ సంగతి వేరు. అమెరికా ఇరాక్ మీదికి పోయినప్పుడు ఆయన పల్లీల ధర గురించి మాత్రమే బాధపడ్డాడు. తమ్ముడి ఒంటి మీద కోటు చూసిన రోజు నుంచి అమెరికా చేసిన అన్యాయాలన్నీ ఆయనకు ఒక్కసారిగా కనబడటం మొదలుపెట్టాయి. సకల జనుల సమ్మె మొదలై చౌరస్తాలో టెంటు వేశాక, రోజూ మైకు పట్టుకునేవాడు.

"ఇద్దరన్నదమ్ములు కొట్లాడుకుంటే నడిమిట్ల వచ్చి కూసుంటది అమెరికా. ఇద్దరికీ కట్టెలమ్ముతది. తలకాయలు పగిలినంక మలాం పట్టుకొని మల్ల అదే వస్తది. పట్టీ కట్టినందుకు ఇంటి ఎనుక నూనె బాయి రాయించుకుంటది! ఢిల్లీ సుత మనకు గట్లనే చేస్తాంది. మన బొగ్గు గావాలె, మన నీళ్ళు గావాలె, మనం మాత్రం అక్కెర లేదు!"

జనం చప్పట్లు కొట్టేవారు. అన్నదమ్ముల మాట వచ్చినప్పుడల్లా లీలకు మాత్రం గోడ కనబడేది.

అనుకున్నట్టే ఆ పొద్దున ఆమె కోటు తీసుకుని లస్మయ్య ఇంటికి చేరింది. లస్మయ్య లేడు, టెంటు దగ్గరున్నాడు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. ఈ ఇరవై రోజుల్లో ఆ ఇంటికి కుట్టడానికి ఒక్క గుడ్డ రాలేదు. వచ్చినవన్నీ కాల్చడానికే. ఎందుకంటే టెంటు దగ్గర రోజుకొక దిష్టిబొమ్మ కాలుతుంది, ఆ బొమ్మలను గడ్డి కూరి కుట్టేది లస్మయ్యే. జనగామలో పాత ప్యాంట్లు, పాత అంగీలు అప్పటికే అయిపోయాయి. ఆడవాళ్ళు మొగుళ్ళకు తెలియకుండా ఉన్నవాటిలో కొంచెం పాతవి తెచ్చి, చెప్పొద్దని ఒట్టు వేయించుకుని పోతున్నారు.

బొమ్మలకు బట్టలు ఎక్కడి నుంచి వస్తున్నాయో లీలకు తెలియదు. కోటును లస్మయ్య భార్య కొమురమ్మ చేతిలో పెట్టింది.

"గిది జర లస్మయ్యకియ్యి. ఎవ్వలకు చెప్పకు. మా రుక్మిణికైతే అస్సలు తెల్వొద్దు."

కొమురమ్మ కోటును అటూ ఇటూ తిప్పి చూసింది. "గింత మంచిది ఇస్తున్నవా షావుకారమ్మా?"

దర్జీకి బట్ట ఇస్తే ఎందుకిచ్చారో విడమరిచి చెప్పే అలవాటు లీలకు లేదు. పైగా గల్లీలో ఎవరో దగ్గారు. "నా బిడ్డ సుమ మీద ప్రమాణం చేసి చెప్తున్న, గీ సంగతి బయటవడితే మా వాకిట్ల గోడ లేస్తది. నువ్వు సుత ఒట్టెయ్యి," అంది.

"నా బిడ్డ మీద ఒట్టు. గొంతు కోసినా చెప్ప," అంది కొమురమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని. తెలంగాణ కోసం ఇంత పెద్ద త్యాగం ఆమె అంతవరకు చూడలేదు.

లీల ఇంటికి వచ్చి పప్పు పొయ్యి మీద వేసి, కోటు కోసం మళ్ళీ వెళ్ళేసరికి లస్మయ్య ఇంటికి తాళం ఉంది. చౌరస్తా వైపు నుంచి నినాదాలు వినబడ్డాయి. ఆమె గుండె ఎప్పుడూ చెడ్డదే ముందు చెబుతుంది. ఈసారి కూడా అదే చెప్పింది. పరుగెత్తింది.

చౌరస్తాలో వెదురు బొంగుకు కట్టిన దిష్టిబొమ్మ జనం తలల పైన ఊగుతోంది. దాని వీపు మీద గద్ద రెక్కలు చాచి ఉంది. పక్కనే సోమేశ్వర్ మైకు పట్టుకుని అమెరికా మలాం పూసే దగ్గరికి వచ్చాడు.

"ఆపుండ్రి! ఆపుండ్రి!" అని లీల అరిచింది.

"దోపిడి ఆపాలె!" అని ఆమె పక్కనున్న ఆడవాళ్ళు అందుకున్నారు. "ఆపాలె! ఆపాలె!" అని చౌరస్తా అంతా మోగింది. ఎవరో అగ్గిపుల్ల గీశారు. అస్తరు అంటుకుని కోటు భగ్గుమంది. ముందు జెండా, తర్వాత గద్ద పోయాయి.

"గడ్డి కంటే కోటే మస్తుగ కాలింది," అన్నాడు పక్కనున్న మంగీలాల్ మెచ్చుకోలుగా. మంగీలాల్ మానుకోట దగ్గరి తండావాడు. జనగామ బస్సు డిపోలో డ్రైవరు. సమ్మెలో బస్సులు ఆగినప్పటి నుంచి టెంటులోనే ఉంటున్నాడు.

మధ్యాహ్నానికి ఇంట్లో గోల మొదలైంది. రుక్మిణి కోటు కోసం బావిలోకి, అటక మీదికి, పక్కింటి రేకుల మీదికి తొంగిచూసింది. కోతులు ఎత్తుకుపోయాయని తేల్చి, కోటు కనబడితే అయిదు కొబ్బరికాయలు కొడతానని చిల్పూరు బుగులు వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది. లీల తన వంటింట్లోకి పోయి, సంగతి బయటపడకుంటే తానూ అయిదు కొబ్బరికాయలు కొడతానని అదే స్వామికి మొక్కుకుంది. బుగులంటే భయం, పేరులోనే బుగులున్న దేవుడు కాబట్టి తన బుగులు ఆయనకే తెలుస్తుందని ఆమె నమ్మకం.

మర్నాడు పొద్దున పేపరు వచ్చింది. జిల్లా పేజీలో పెద్ద ఫోటో. మంటల్లో గద్ద, దాని వైపు వేలు చూపిస్తూ సోమేశ్వర్. పైన అక్షరాలు: "జనగామలో అమెరికా దిష్టిబొమ్మ దహనం."

నిజానికి ఆ బొమ్మ ఢిల్లీ సర్కారుది. కానీ గద్దను చూసి, సోమేశ్వర్ మాటలు విని, విలేకరి రెండూ కలిపి రాసుకున్నాడు. సోమేశ్వర్ ఆ వార్తను పదకొండుసార్లు చదివాడు. ముందురోజు మైకు ఊపులో గమనించలేదు కానీ, ఫోటోలోని కోటు ఎవరిదో మొదటిసారికే గుర్తుపట్టాడు. మిగతా పదిసార్లు తన ముఖం చూసుకున్నాడు.

"ఇగో, గది మన హరీష్ కోటు..." అని లీల మొదలుపెట్టింది.

"దేశాల సంగతి మాట్లాడుతుంటే కోట్ల సంగతి తియ్యకు లీలా," అన్నాడాయన.

పదింటికల్లా మానుకోట టెంటు నుంచి ఫోను వచ్చింది. తర్వాత భూపాలపల్లి నుంచి వచ్చింది. బొగ్గుబాయి కార్మికులు సమ్మెలో ఉన్నారు, అమెరికా మీద మాట్లాడే అన్న తమకు కావాలన్నారు. మధ్యాహ్నం జీపు పంపిస్తామన్నారు. లీలకు ఒక కన్ను సంతోషంతో మెరిసింది. రెండో కన్ను భయంతో అదిరింది. పేపరులో జెండా కాలిన ఫోటో ఉంది, ఊరి పేరుంది, భర్త పేరుంది. ఇంకేం కావాలి ఎవరికైనా? అమెరికావాళ్ళు ఫోను చేసినా వినబడకుండా, సుమను పిలిచి సెల్‌ఫోను బియ్యం డబ్బాలో పెట్టమంది. ఉప్పుకని కొట్టుకు వచ్చిన మంగీలాల్‌ను చాటుకు పిలిచింది.

"అన్నా, జెండా కాలబెడితే అమెరికోళ్ళు ఊకుంటరా?"

"జెండాకు రారక్కా వాళ్ళు," అన్నాడు మంగీలాల్ బీడీ చెవి మీద పెట్టుకుంటూ. "భూమి కింద ఏమన్న ఉంటెనే వస్తరు. జెండా ఉత్త సాకు."

"మన జనగామ కింద ఏమున్నది?"

"బండలు."

లీల ఊపిరి పీల్చుకుంది.

"గని భూపాలపల్లి కింద బొగ్గున్నది," అన్నాడు మంగీలాల్ ఆలోచించి. "మా దిక్కు బయ్యారం కింద ఇనుమున్నది. వస్తే గాడికి వస్తరు. వచ్చేటోళ్ళు జనగామ మీదికెళ్ళే రావాలె గద."

ఇంతకుముందు ఆమె భయపడింది ఒక గోడ కోసం. ఇప్పుడు గోడ కట్టుకోవడానికి ఊరు మిగులుతుందో లేదో తెలియడం లేదు. ఆమె చేతనయింది ఒక్కటే. కొట్లో పొట్లాలకు పెట్టిన పాత పేపర్ల దొంతర అట్టడుగున ఆనాటి పేపరును దాచింది. రుక్మిణి చూడకుంటే సగం యుద్ధం ఆగినట్టే.

రుక్మిణి ఆ సమయానికి సద్దుల బతుకమ్మ పేర్చడానికి కూర్చుంటోంది. గునుగు పూలు ఆరబోయడానికి పేపరు కావలసి వచ్చింది. పైపేపర్లు దుమ్ముగా ఉన్నాయని, పూలు దేవతవి కాబట్టి శుభ్రమైనది కావాలని, దొంతర అట్టడుగు నుంచి ఒకటి లాగింది.

ఆమె ఏడుపు బజారు దాకా వినబడింది. పూలు అంటుకున్న పేపరు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. "అక్కా! గిది ఎవల కోటు? గద్దను సూడు! ఎవలిచ్చిండ్రు? ఎవల చేతులు వడిపోవాలె?"

లీల తన చేతుల వైపు చూసుకుంది. వాకిలి నడుమ గోడ లేస్తున్నట్టే అనిపించింది. ఇటుక మీద ఇటుక. ఇంక దాచడం తన వల్ల కాదనుకుంది.

"చెల్లే... నేను..."

అప్పుడే బయట డప్పు మోగింది. భూపాలపల్లి జీపు వాకిలి ముందు ఆగింది. అందులోంచి బొగ్గుబాయి నాయకుడు, అతని వెంట రెండు దండలు, ఆ వెనుక ఫోటో తీసిన విలేకరి దిగారు. గల్లీ అంతా పోగయింది. ఒక దండ సోమేశ్వర్ మెడలో పడింది.

"రెండో దండ కోటిచ్చినాయనకు," అన్నాడు నాయకుడు. "అందరు చినిగిన అంగీలిస్తాండ్రు. తెలంగాణ కోసం గసొంటి కోటు అగ్గిలేసిన ఇల్లు ఏదన్నా? పేపర్ల రాయాలె."

రుక్మిణి దండ వైపు చూసింది. బంతిపూల దండ, నడుమ గులాబీలు. సోమేశ్వర్ మెడలోని దానికంటే రెండు వరుసలు ఎక్కువ. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మాదే!" అంది. "మా ఆయన పాణం లెక్క చూసుకున్న కోటు. 'తెలంగాణ కన్న కోటెక్కువనా రుక్మిణీ' అని ఆయనే తీసిచ్చిండు!"

బనీను మీద బయటికి వచ్చిన హరీష్‌కు తాను అంత మాట అన్నట్టు అప్పుడే తెలిసింది. అతను కాదనేలోపు దండ మెడలో పడింది. జై తెలంగాణ నినాదాల నడుమ అతన్ని జీపు ముందు సీట్లో కూర్చోబెట్టారు. సోమేశ్వర్‌ను వెనక మైకు డబ్బాల పక్కన సర్దుకోమన్నారు.

అమెరికా భయం, గోడ భయం, అన్నీ లీల ఒంట్లోంచి ఒక్కసారిగా దిగిపోయాయి. "అబద్ధం!" అని అరిచింది. "గా కోటిచ్చింది నేను! రుక్మిణికి తెల్వకుంట దొంగతనంగ తీస్కపోయి ఇచ్చిన!"

గల్లీ నవ్వింది. "పరేషాన్ గాకక్కా," అన్నాడు మంగీలాల్. "నీకు సుత ఓ రోజు దండ వడుతది."

"కొమురమ్మా! నువ్వన్న చెప్పే!"

జనంలో ఉన్న కొమురమ్మ లీల వైపు ప్రేమగా చూసింది. ఒట్టు ఒట్టే. "లీలమ్మ మా ఇంటికే రాలేదు," అంది గట్టిగా. "ఏమీ ఇయ్యలేదు. నా బిడ్డ మీద ఒట్టు!"

జీపు కదిలింది. "కుళ్ళుకోకు అక్కా, అన్నదమ్ములిద్దరు పోయిండ్రు గద," అంది రుక్మిణి బతుకమ్మ దగ్గర మళ్ళీ కూర్చుంటూ. పోయిన కోటు కనబడింది, సంగతి బయటపడలేదు. బుగులు స్వామికి పది కొబ్బరికాయలు బాకీ పడ్డాయి.

లీల లోపలికి పోయి ట్రంకు పెట్టె తెరిచింది, అటక ఎక్కింది, మంచాల కింద చూసింది. కాల్చడానికి ఆ ఇంట్లో అమెరికాది ఒక్క గుడ్డపేలిక కూడా దొరకలేదు.