పెద్ద మార్కుల జబ్బు

ఆ మంగళవారం పొద్దున లక్ష్మన్న పెట్టుకున్న పని ఒక్కటే. డాక్టరమ్మను పరీక్షలో పాసు చేయించడం. అందుకోసం వార్డులో అందరికంటే ముందే లేచి, ముఖం కడుక్కుని, భార్య గిడ్డమ్మ ఉతికి ఆరేసిన తెల్ల పంచె కట్టుకుని, గొట్టం చివరి మూత్రపు సంచిని మంచం పట్టీకి తగిలించి, పెండ్లిచూపులకు వచ్చిన మనిషిలా కుదురుగా కూర్చున్నాడు. టీ కూడా తాగలేదు. పరీక్ష ఆమెదా ఈయనదా అని చూసినవాళ్లకు అనుమానం వచ్చేటట్టు ఉంది.

కర్నూలు దగ్గర ఒక వైద్య కళాశాల ఆసుపత్రి అది. మూత్రకోశ వ్యాధుల వార్డులో లక్ష్మన్న చేరి నెల దాటింది. ఆలూరు అవతల పల్లె, వానను నమ్ముకున్న పత్తి చేను. మూత్రం బిగదీసుకుపోయి, బస్సులో కూర్చోలేక నిలబడలేక, చివరికి ఈ ఆసుపత్రి మెట్ల మీద చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. గొట్టం వేయబోయిన కుర్ర డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తేశారు. అప్పుడు సర్జరీలో పీజీ చదువుతున్న డాక్టరమ్మ మెహనాజ్ వచ్చింది. పక్కన కూర్చుని, "తాతా, ఈ ఏడు పత్తికి పురుగు తగిలిందా?" అని అడిగింది. ఆయన పురుగు సంగతి చెప్పి ముగించేలోగా గొట్టం దిగింది, కడుపు తేలికపడింది. ప్రోస్టేటు వాపు అన్నారు, పరీక్షలయ్యాక ఆపరేషన్ అన్నారు. ఆ రోజు నుంచి మెహనాజ్ అంటే లక్ష్మన్నకు ప్రాణం.

ఆ మెహనాజ్ పోయినసారి సర్జరీ ఆఖరి పరీక్ష తప్పింది. తప్పినప్పటినుంచి రాయచోటికి, ఇంటికి పోలేదు. అమ్మ ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానని చెబుతోంది. ఈసారి కూడా పోతే కత్తి పట్టే ఆశ వదిలేసి, అబ్బాజాన్ గాజుల అంగడి పక్కన జ్వరాలకు మాత్రలు ఇచ్చుకుంటూ బతుకుతానని గిడ్డమ్మతో ఒకసారి నవ్వుతూ అంది. గిడ్డమ్మకు ఆ నవ్వు నచ్చలేదు. వచ్చి మొగుడితో చెప్పింది.

ఎందుకు తప్పిందో వార్డుకు తెలిపినవాడు అటెండరు దాసన్న. జరిగింది ఏమిటంటే, పోయినసారి పరీక్షలో ఆమెకు ఇచ్చిన రోగి ఆమెతో ఒక మాట, ఎగ్జామినర్ ముందు ఇంకొక మాట చెప్పాడు. దాసన్న దాన్ని తనకు అర్థమైనంత మేరకు కుదించి, "పేషెంటు సరిగ్గా చెప్పకపాయె, పాప ఫెయిలాయె" అన్నాడు. అంటే ఆ రోగి తక్కువ చెప్పాడని వార్డు అర్థం చేసుకుంది. ఈసారి తక్కువ కాకుండా చూడాలని తీర్మానం కూడా చేసుకుంది.

ఈ విషయంలో పెద్ద దిక్కు పక్క మంచం ఖాసిం సాహెబ్. నంద్యాలలో లారీ మెకానిక్‌గా చేసి మానుకున్న మనిషి. ఆయన కిడ్నీలో ఒక రాయి ఉంది. ఆపరేషన్ తేదీ ఇచ్చినప్పుడల్లా ఎవరిదో ఒకరి పెండ్లికి వెళ్లిపోతాడు. పరీక్షల కాలానికి మాత్రం తప్పకుండా తిరిగొస్తాడు. ఆ రాయిని చూపించి పాసైన డాక్టర్లు ఇప్పుడు సీమలో ఎన్ని ఊళ్లలో ఉన్నారో ఆయనకే లెక్క తెలియదు.

"నీ జబ్బేందప్పా?" అని ముందు రోజే లక్ష్మన్నను అడిగాడు.

"ప్రోస్టేటు అంట సాబ్."

"అది ముసిలోళ్లందరికీ ఉండేదే. దానికేం మార్కులొస్తాయి? మూత్రంలో రక్తం పోతాందని చెప్పు. నొప్పి లేకుండా పోతాందని చెప్పు. నొప్పి లేని రక్తం అంటే సాలు, పెద్ద డాక్టర్లు కుర్చీలోంచి లేచొస్తారు. నేను కండ్లారా చూసినా. పెద్ద జబ్బుకు పెద్ద మార్కులు."

లక్ష్మన్న పంచె అంచు సర్దుకున్నాడు.

"అది చెప్తే ఆయమ్మ పాసైతాదా?"

"కాకుండా యాడికి పోతాది?"

"అయితే చెప్తా."

అంత తొందరగా ఒప్పుకుంటాడని ఖాసిం సాహెబ్ అనుకోలేదు. బతిమాలడానికి దాచుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి.

"ఆ పాపతో చెప్పొద్దు. మార్కులు ఆయమ్మ చేతిలో లేవు. పెద్దాయన వచ్చినాక ఆయనకు చెప్పు. గిడ్డమ్మా, నిన్నడిగితే నువ్వు కూడా అవునను."

మడతపెడుతున్న పంచెను గిడ్డమ్మ ఒళ్లో పెట్టుకుంది. "నాతో ఏం చెప్పించొద్దండి," అని లేచి వరండాలోకి పోయింది. ఆడమనిషికి పరీక్షలంటే భయమని ఖాసిం సాహెబ్ సర్దిచెప్పాడు.

మంగళవారం ఎవరికి ఏ రోగి అని చీటీలు తీస్తే లక్ష్మన్న సరిగ్గా మెహనాజ్‌కే వచ్చాడు. ఖాసిం సాహెబ్ దువా, గిడ్డమ్మ మొక్కు రెండూ ఫలించాయని వార్డు సంతోషించింది. తెలిసిన రోగి, తెలిసిన జబ్బు. మెహనాజ్‌కు కూడా చాలా రోజుల తర్వాత గుండె నిమ్మళించింది. పరీక్ష పద్ధతి ప్రకారం అడగవలసినవన్నీ వరసగా అడుగుతూ పోయింది.

"తాతా, మూత్రంలో ఎప్పుడైనా రక్తం పడిందా?"

"లేదమ్మా," అని లక్ష్మన్న కన్ను కొట్టాడు.

ఆమె పెన్ను పక్కన పెట్టి, ఆయన కంటి రెప్ప ఎత్తి, నలక పడిందేమోనని చూసింది. ఏమీ లేదు. రక్తం లేదని రాసుకుంది.

బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పేరు డాక్టర్ నెహెమ్యా. పొడుగ్గా, నిదానంగా ఉంటాడు. గొంతు పెంచడు. గొంతు పెంచకుండా ఎంతమందిని ఫెయిలు చేశాడో విద్యార్థులు కథలుగా చెప్పుకుంటారు. మెహనాజ్ చెబుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. ఆమె తడబడలేదు. "మూత్రంలో రక్తం పోయిన దాఖలా లేదు," అన్న మాట దగ్గరకు వచ్చింది.

లక్ష్మన్న బడిపిల్లవాడిలా చెయ్యెత్తాడు.

"పోతాది సార్."

నెహెమ్యా కళ్లు తెరిచాడు. "ఏం పోతుంది?"

"రక్తం సార్. ఉగాది ముందునుంచి పోతాది. నొప్పి మాత్రం లేదు. బొత్తిగా నొప్పి లేదు సార్, అది రాసుకోండి."

మెహనాజ్ కాగితంలో తను రాసుకున్నది మళ్లీ చూసుకుంది. పోయినసారి కూడా ఇట్లాగే మొదలైంది. ఆమె ముఖంలో రంగు పోవడం లక్ష్మన్న చూశాడు. చెప్పింది చాలలేదని అనుకున్నాడు.

"రక్తం గడ్డలు కూడా పడతాయి సార్. మనిషి కూడా తగ్గినా. ఈ చొక్కా పోయినేడు బిగుతుగా ఉండె. బీడీలు కూడా శానా తాగినా, చిన్నప్పటినుంచి."

ఆయన ఒక్కొక్క లక్షణం కలుపుతూ పోయేకొద్దీ మెహనాజ్ ఒక్కొక్క మెట్టు దిగిపోతోంది. గోడ పక్కన నిలబడ్డ ఆమె సొంత ప్రొఫెసరు నేల వైపు చూస్తున్నాడు. నెహెమ్యా వంగి మూత్రపు సంచిని వెలుతురుకు ఎత్తి చూశాడు. లేత పసుపు రంగులో తేటగా ఉంది.

"ఇందులో లేదే?"

"అది వచ్చి పోతాంటాది సార్. వచ్చిందంటే రెండు దినాలుంటాది, మళ్లీ రెండు మూడు నెలలు కనపడదు. ఈ పొద్దు రాలేదు."

నెహెమ్యా సంచిని మెల్లగా కిందికి దించాడు. ఈ మాటలు పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. ఇంత చక్కగా చెప్పే రోగిని ఆయన తన ఉద్యోగ జీవితంలో చూడలేదు. అదే ఆయనకు నచ్చలేదు.

"డాక్టర్, ఈయనకు ఎవరు నేర్పించారు?"

మెహనాజ్ తల అడ్డంగా ఊపింది. రోగికి పాఠం చెప్పి తెచ్చుకున్నట్టు తేలితే తప్పడంతో పోదు, మళ్లీ పరీక్షకే కూర్చోనివ్వరు. ఆ సంగతి పక్క మంచం మీద తన రాయితో సిద్ధంగా ఉన్న ఖాసిం సాహెబ్‌కు కూడా తెలుసు. ఆపదలో ఆదుకోవాలనుకున్నాడు.

"ఆ పాపకేం తెలీదు సార్. నేర్పించింది నేను."

"అంటే నేర్పించారన్నమాట," అని నెహెమ్యా కాగితాలు మూసేశాడు.

లక్ష్మన్న మంచం దిగాడు. ఒక చేత్తో సంచి పట్టుకుని, రెండో చెయ్యి నుదుటికి ఎత్తి దండం పెట్టాడు.

"అంతా అబద్ధం సార్. రక్తం లేదు, గడ్డల్లేవు. పెద్ద జబ్బు చెప్తే పెద్ద మార్కులొస్తాయంటే కల్పించి చెప్పినా. ఆయమ్మ రాసిందే నిజం. నన్ను తిట్టండి, పంపించేయండి. ఆయమ్మను పాసు చెయ్యండి."

"సరే. రక్తం సంగతి కల్పించిందే కదా?"

"నా బిడ్డల మీద ఒట్టు సార్."

"ఒట్లు పెట్టొద్దప్పా," అని తలుపు దగ్గరినుంచి గిడ్డమ్మ అంది.

అందరూ తిరిగి చూశారు. ఆమె లోపలికి రాలేదు. తలుపు రెక్క పట్టుకునే మాట్లాడింది.

"ఆయప్ప మొదట మీకు చెప్పింది నిజం సార్. ఇప్పుడు చెప్పేదే అబద్ధం."

"నీకేం తెలుసే? నీకు నేనెప్పుడు చెప్పినా?" అన్నాడు లక్ష్మన్న.

"నువ్వు చెప్పాల్నా? పంచెలు ఉతికేది ఎవరు?"

లక్ష్మన్న కట్టుకున్న తెల్ల పంచె వైపు చూసుకున్నాడు.

"మరకేందని ఒకసారి అడిగితే, ఎర్రమట్టి అంటివి. మనది నల్లరేగడి చేను. ఎర్రమట్టి యాడినుంచి వచ్చె?"

ఖాసిం సాహెబ్ లేచి కూర్చున్నాడు. గిడ్డమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని నెహెమ్యాతో చెప్పింది.

"వాళ్లన్న నరసన్నకు ఇట్లనే రక్తం పోయె సార్. బళ్లారి ఆస్పత్రికి తీసకపోయిరి. మళ్లీ రాలేదు. ఆ భయంతో ఈయప్ప యాడా చెప్పలే. నాకు తెలుసని తెలిస్తే ఇంకా భయపడతాడని నేను అడగలే. ఉతికి ఉతికి మరకలు పోగొడితి."

"నువ్వు బెదురుకుంటావనే గదా నేను చెప్పలే," అన్నాడు లక్ష్మన్న చిన్నగా. భార్యాభర్తలు నెలల తరబడి ఒకరి కోసం ఒకరు కాపాడుకున్న రహస్యం అట్లా, పరీక్ష మధ్యలో, నలుగురు డాక్టర్ల ముందు బయటపడింది. ఖాసిం సాహెబ్ నేర్పిన అబద్ధం అడ్డం పెట్టుకుంటే తప్ప ఆయన నోటికి నిజం రాలేదు.

నెహెమ్యా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత మెహనాజ్ వైపు తిరిగాడు.

"ఇప్పుడేం చేస్తారు డాక్టర్?"

అది పరీక్ష ప్రశ్నో, మామూలు ప్రశ్నో ఎవరికీ తెలియలేదు. మెహనాజ్ ఆయన వైపు చూడలేదు. లక్ష్మన్నను మంచం మీద కూర్చోబెట్టి, సంచి తగిలించి, ఆయన చెయ్యి పట్టుకునే జవాబు చెప్పింది.

"చేరినప్పుడు స్కాన్ తీశాం సార్. గొట్టం వేశాక, మూత్రాశయం ఖాళీగా ఉన్నప్పుడు తీశాం. అందులో ఏం కనపడలేదు. నేను రక్తం గురించి అప్పుడు ఒక్కసారి అడిగాను, లేదంటే వదిలేశాను. ఇప్పుడు గొట్టానికి క్లిప్పు పెట్టి, నిండాక మళ్లీ స్కాన్ తీయిస్తాను. రేపు లోపలికి కెమెరా వేసి చూడాలి."

"ఇప్పుడే తీయించండి," అని నెహెమ్యా లేచాడు. "మిగతా ప్రశ్నలు నాకేం లేవు."

స్కాన్‌లో మూత్రాశయం గోడకు ఒక గడ్డ కనపడింది. మర్నాడు కెమెరాలో అదే కనపడింది. ముక్క తీసి పంపితే, అది గోడ లోపలి దాకా పాకిన క్యాన్సర్ అని వచ్చింది. మూత్రాశయాన్నే తీసేయాలి. పరీక్ష ఫలితాలు కూడా ఆ వారంలోనే వచ్చాయి. మెహనాజ్ పాసైంది. ఫోన్‌లో వాళ్లమ్మ ఏడ్చింది, మెహనాజ్ కూడా ఏడ్చింది. ఇద్దరిదీ ఒకే ఏడుపని వాళ్లమ్మ అనుకుంది.

వార్డుకు వచ్చినప్పుడు ఆమె చేతిలో మిఠాయి లేదు. లక్ష్మన్నే అడిగాడు.

"శానా వచ్చినాయా అమ్మా మార్కులు?"

"శానా వచ్చినాయి తాతా."

"చూసినావా సాబ్?" అని ఆయన గర్వంగా పక్క మంచం వైపు తిరిగాడు. ఖాసిం సాహెబ్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే తన రాయికి తేదీ ఇవ్వమని తనంతట తనే అడిగాడు. ఏ పెండ్లీ గుర్తుకు రాలేదు.

మెహనాజ్ మంచం అంచున కూర్చుని లక్ష్మన్నకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆపరేషన్ పెద్దదని, పొట్ట పక్కనే సంచి ఎప్పటికీ ఉంటుందని, అది చేసినా ఎంతవరకు నయమవుతుందో ఇప్పుడే చెప్పలేనని చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమెకే ఏడుపు వచ్చింది. ఆయన ఆమె చేతి మీద తట్టాడు.

"నువ్వు పాసైన డాక్టరమ్మవు, నువ్వే ఏడిస్తే ఎట్లమ్మా? నాకు భయమేం లేదు. గిడ్డమ్మకు మాత్రం చెప్పొద్దు. ప్రోస్టేటు అనే చెప్పు. అది తట్టుకోలేదు."

సరేనని ఆమె వరండాలోకి వచ్చింది. గిడ్డమ్మ పంచె ఆరేస్తోంది. వెనక్కి తిరక్కుండానే అంది.

"నాకంతా తెలిసింది లేమ్మా, దాసన్న చెప్పినాడు. ఆయప్పకు మాత్రం చెప్పొద్దు. తట్టుకోలేడు."

సాయంత్రం మెహనాజ్ ఆపరేషన్ కోసం కొత్త కేసు షీటు మొదలుపెట్టింది. వివరాలు చెప్పినది ఎవరు, వారి మాట నమ్మవచ్చునా అని పైన ఒక గడి ఉంటుంది. రోగి పేరు అందులో రాయబోయి ఆగి, "భార్య, ఉతికిన బట్టల విషయంలో నమ్మవచ్చు" అని రాసింది.