మన కోడిని మనం తినం

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: నాన్న, అమ్మ, నాయనమ్మ, సెలవు పెట్టి వచ్చిన బాబాయి, నేను, గంప కింద దొరసాని. దొరసాని కోడి. పెరట్లో మట్టి అంతా తన తాతలు సంపాదించి పెట్టిందే అన్నట్టు మెడ నిక్కించి నడుస్తుంది కాబట్టి నేనే ఆ పేరు పెట్టాను.

పాఠకులారా, ముందుగా ఒక మాట. జంతువులను ప్రాణంగా ప్రేమించేవాళ్లే మాంసం తినడానికి అర్హులు! ప్రేమ లేనివాడు తింటే అందులో గొప్పేముంది? ఆకలేసింది, తిన్నాడు. ప్రేమ ఉండి కూడా తినాలంటే ఎంత నిగ్రహం కావాలి? ఎంత ఏర్పాటు కావాలి? ఆ ఏర్పాటును కొందరు రెండు నాల్కల ధోరణి అంటారు. నేను నాగరికత అంటాను.

మా బాబాయినే తీసుకోండి. వీధికుక్క కుంటుతున్న వీడియో చూస్తే చాలు, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. ఫోను నిండా అవే వీడియోలు. తానుండే చోట ఆయన చికెన్ ప్యాకెట్లలో కొంటాడు. ప్యాకెట్ మీద టోపీ పెట్టుకుని నవ్వుతున్న కోడి బొమ్మ ఉంటుందట. కోసి, తోలు తీసి, ఫ్రిజ్‌లో పెట్టినందుకు అంత సంబరపడే కోడిని నేనింతవరకు చూడలేదు. కానీ ఆ బొమ్మ వేసినవాళ్లకు మనిషి మనసు తెలుసు. కోడే నవ్వుతుంటే మనం ఏడవడం ఏం మర్యాద?

ప్యాకెట్లు దొరకని మా వీధిలో మాకు మేమే ఒక పద్ధతి కనిపెట్టుకున్నాం. మా పక్కింట్లో టైలరమ్మ ఉంటుంది. ఆమెకూ కోళ్లున్నాయి, ఆమెకూ మనసుంది. చేతులారా పెంచినదాన్ని కోయడం ఆమె వల్ల కాదు, మా వల్లా కాదు. అందుకని చుట్టం వచ్చినప్పుడు రెండిళ్లవాళ్లం కోళ్లు మార్చుకుంటాం. మాది వాళ్ల పొయ్యి మీదికి, వాళ్లది మా పొయ్యి మీదికి. ఎవరి చేతికీ సొంత కోడి నెత్తురు అంటదు. ఇంత శుభ్రమైన పద్ధతి ఎక్కడైనా విన్నారా?

దీనికి నియమాలున్నాయి. చుట్టం ఎవరింటికి వచ్చినా వంట మాత్రం రెండిళ్లలోనూ ఒకే రోజు జరగాలి. లేకపోతే మీ కోడి మర్నాడు గోడెక్కి మిమ్మల్ని పలకరించే ప్రమాదం ఉంది. అవతలి కోడికి ఏమిష్టమో, ఎవరి వెంట తిరుగుతుందో అడగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పేరు అడగకూడదు, చెప్పకూడదు. ఈ నియమాలను ఎవరూ ఎప్పుడూ బయటికి అనలేదు. అనాల్సిన అవసరం రాకపోవడమే పెద్దమనిషితనం!

ఇన్నాళ్లూ వేరే కోళ్ల వంతు వచ్చింది. ఆ ఉదయం దొరసాని వంతు.

పిల్లగా ఉన్నప్పుడు అది వానకు తడిసి వణుకుతుంటే తువ్వాలులో చుట్టి, పొయ్యి పక్కన కూర్చుని బతికించాను. నా చేతిలో గింజలు తప్ప ఇంకెవరి చేతిలోవీ ముట్టదు. ఈ సంగతి నాన్నకు చెబుదామని వంటింటి దాకా వెళ్లాను. ఏంటమ్మా అన్నాడు. ఏం లేదన్నాను. నాకెప్పుడూ అంతే, నోరు పెగలదు. ఆయన దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లి, గోధుమరంగు కోడితో తిరిగొచ్చాడు. నాయనమ్మ నా తల నిమిరి, టైలరమ్మ చెయ్యి చాలా తేలికని, దానికి నొప్పి తెలియనివ్వదని ఓదార్చింది. వాళ్లింట్లో టైలరమ్మ కూడా నాన్న చెయ్యి గురించి అలాగే చెబుతుందట.

కాసేపటికి, కుట్టిన దిండు గలీబులు తెమ్మని అమ్మ నన్ను పక్కింటికి పంపింది. గొప్ప గొప్ప వ్యవస్థలన్నీ ఇలాంటి చిన్న పొరపాట్ల వల్లే కూలిపోతాయి!

టైలరమ్మ గలీబులు మడతపెడుతోంది. మిషను పక్కన గంప బోర్లించి ఉంది. అటు చూడకూడదనుకున్నాను. చూశాను. నాన్నతో అనలేని మాట ఆమెతో ఎలా అన్నానో నాకే తెలియదు.

"దాని పేరు దొరసాని, అత్తా. పిలిస్తే పలుకుతుంది."

ఆమె నమ్మనట్టు చూసింది. నేను పిలిచాను. గంప కింద నుంచి బదులొచ్చింది. తువ్వాలు సంగతి మొదలుపెట్టబోయాను.

"చాలు తల్లీ, ఇంకేం చెప్పకు. గలీబులు పట్టుకుని ఇంటికెళ్లు" అంది టైలరమ్మ. ఆమె చేతిలో మడత అక్కడే ఆగిపోయింది.

నేను ఇంటికొచ్చేసరికి గోధుమరంగు కోడి చికెన్ అయిపోయింది. గమనించారా? గంప కింద ఉన్నంతసేపే అది కోడి. గిన్నెలో పడి మూత పెట్టగానే చికెన్. మనసున్న మనిషికి భాష కూడా ఎంత సాయం చేస్తుందో చూడండి!

అందరం భోజనానికి కూర్చున్నాం. బావిలో పడ్డ పిల్లిని తాడుతో పైకి లాగుతున్న వీడియో ఒకటి బాబాయి ఎడం చేత్తో ఎత్తి మాకందరికీ చూపించాడు. తాడు ఎక్కడ తెగుతుందోనని నాయనమ్మ ఎముక చప్పరించడం కూడా ఆపేసింది. పిల్లి బయటపడింది. అందరం ఊపిరి పీల్చుకుని మళ్లీ వడ్డించుకున్నాం. నేను కూడా. దొరసాని బతికే ఉంటుందన్న ధీమాతో నాకు ఆ పూట మామూలుకన్నా ఎక్కువ ఆకలేసింది.

అప్పుడే టైలరమ్మ వచ్చింది. చంకలో దొరసాని.

గుమ్మంలోనే నిలబడి మొహమాటంగా నవ్వింది. అమ్మాయి పేరు చెప్పిపోయాక ఇక కత్తి చేతికి రాలేదని, ఎంతసేపు చూసినా తన వల్ల కాలేదని చెప్పుకుంది.

"మీ కోడిని మీరే ఉంచుకోండన్నా. మా గుండీని మాకిచ్చెయ్యండి."

మిషను కింద రాలిన గుండీలు గింజలనుకుని ఏరబోయేదట, అందుకని ఆ పేరు. ఇదీ ఆమే చెప్పింది, ఎవరూ అడక్కుండానే.

అందరి నోళ్లలోనూ ముద్దలున్నాయి. మాట్లాడాలంటే ముందు మింగాలి కదా! టైలరమ్మ మా ముఖాలు చూసింది. తర్వాత కంచాలు చూసింది.

"సరేలెండి. మీరు తినండి" అంది. దొరసానిని నా చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది.

ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? కోసిన నాన్నదా? వండిన అమ్మదా? రెండోసారి వడ్డించుకున్న నాదా? మా ఇంట్లో క్షణం కూడా తర్జనభర్జన జరగలేదు. పేరు చెప్పినదానిదే తప్పు! నిక్షేపంలాంటి ఇరుగుపొరుగు స్నేహాన్ని చెడగొట్టానన్నాడు నాన్న. రేపు టైలరమ్మ ముఖం ఎలా చూడాలంది అమ్మ. మూగదానిలా పడి ఉండే పిల్లకు ఈ నోరెక్కడిదని నాయనమ్మ ఆశ్చర్యపోయింది. బాబాయి మాత్రం కోప్పడలేదు. ఎంతో బాధపడుతూ చెప్పాడు.

"నిజంగా జంతువుల మీద ప్రేమున్నవాళ్లు అన్నాల దగ్గర వాటి పేర్లెత్తరు అమ్మలూ."

దొరసాని నా చేతుల్లోంచి మెడ సాచి ఒక్కొక్క కంచంలోకి చూస్తోంది. అది అలా చూస్తుంటే ముద్ద దిగడం లేదంది నాయనమ్మ. న్యాయమే! కోస్తుంటే చూడలేనంత సున్నితమైన మనుషులు, తింటుంటే చూసే కళ్లను ఎలా తట్టుకుంటారు? నాకు వాళ్ల మీద కోపమేం లేదు. ఒక్కటే తెలుసుకోవాలనిపించింది. ఈసారి నోరు పెగిలింది.

"నాన్నా, దీన్ని ఇంకెప్పుడూ మార్చం కదా?"

నాన్న బాబాయి వైపు చూశాడు. బాబాయి ఫోను పక్కన పెట్టి, కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"ముందు దాన్ని బయటికి తీసుకుపోనీ. తలుపెయ్యి అన్నయ్యా, కూర చల్లారిపోతోంది."

నాన్న లేచి, నన్నూ దొరసానినీ గడప దాటించి, తలుపేశాడు.