పది ఆకుల అనుమతి

అడవిని కాపాడాలంటే చెట్లు నాటాలి, లేదా ఉన్నవాటిని కొట్టకుండా ఉండాలి. రెండూ కష్టమైన పనులే కాబట్టి మన వ్యవస్థ తేలికైన మూడో మార్గం కనిపెట్టింది. ఆకు అడిగినవాళ్లకు ఆకు ఇవ్వదు.

ఈ సూత్రం అమలయ్యే చోటు ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక, జిరాక్స్ షాపు పైన ఉంది. పేరు ‘ఆకుల సంరక్షణ మరియు నమూనాల నియంత్రణ కార్యాలయం’. (బోర్డు మెట్లకంటే వెడల్పు. లోపలికి వెళ్లాలంటే కొంచెం వంగాలి. ఎలాగూ వంగాలి కదా అని ఎవరూ మార్చలేదు.) వనిత ఆ మెట్లు ఎక్కడం మొదలుపెట్టి ఇది మూడో వేసవి.

వనితది ఆ దగ్గర్లోని మంచాల. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఆమెకు కావలసినవి పది ఆకులు. ఊరవతల గుట్ట మీద మోదుగ చెట్లు చాలా ఉన్నా, ఎండలు ముదిరేసరికి అన్నీ ఆకు ముడిచి గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక్కటి మాత్రం పట్టనట్టు పచ్చగా నిలబడుతుంది. ఆ పచ్చదనం ఆకులోని ప్రొటీన్లదా, తాతముత్తాతల నుంచి వచ్చిన జన్యువుదా, వేళ్ల కింద మట్టిదా? ఇది తేలితే బోర్లు ఎండిపోయిన గుట్టల మీద ఏ మొక్క నాటాలో తెలుస్తుంది. వనితకు డాక్టరేటు వస్తుంది. ఫెలోషిప్ మాత్రం ఈ జూన్‌తో ఆఖరు.

పద్ధతి కూడా కష్టమైనదేం కాదు. మిట్టమధ్యాహ్నం ఆకు కోసి, నిమిషంలోగా ద్రవ నైట్రోజన్‌లో ముంచి గడ్డకట్టించాలి. ఆలస్యమైతే ఆకు తనను కోశారని గ్రహించి లోపలి లెక్కలన్నీ మార్చేసుకుంటుంది. (ఆడిట్ వస్తోందని తెలిసిన ఆఫీసు లాగా.)

మొదటి వేసవిలో సహాయ అధికారి భూపాల్ ఆమె దరఖాస్తును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంత మంచిగనే ఉన్నది గని, నమూనా ఏదమ్మా?"

"ఏం నమూనా సార్?"

"ఏ ఆకు కోస్తవో ఆ ఆకొకటి జతచెయ్యాలె. చూడకుండ పర్మిషన్ ఎట్లిస్తం?"

"పర్మిషన్ లేకుండ కోస్తే తప్పు కాదా సార్?"

"అవ్. కేసైతది," అన్నాడు భూపాల్ ఎంతో నిజాయితీగా, ఆమెకు చాయ్ చెప్పి.

అతను చెడ్డవాడు కాదు. రెండో వేసవిలో నమూనా నిబంధనను తనే సడలించి, నైట్రోజన్ గురించి అడిగాడు. గుట్ట మీద అది ఆవిరైతే గాలిలో నైట్రోజన్ కలవదా? గాలిలో ముప్పాతిక పైగా ఉన్నది నైట్రోజనేనని వనిత చెప్పింది. అయితే ఆ మాట ఎవరైనా గెజిటెడ్ అధికారితో రాయించుకు రమ్మన్నాడు. గాలికి పూచీ పడే గెజిటెడ్ అధికారి దొరికేలోపు వానలు పడ్డాయి.

మూడో వేసవిలో ఫైలు కదిలింది. చెట్టును స్వయంగా చూడటానికి అనుమతులిచ్చే కమిటీయే వస్తుందట. వనితకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మే నెలలో, ఎండ నెత్తి మీదికొచ్చే వేళకు, చైర్మన్ రత్నాకర్ ముందు కారులో, సభ్యులు, భూపాల్ వెనక కార్లలో గుట్ట ఎక్కారు. పచ్చని చెట్టు ఒక్కటే కాబట్టి దాని నీడలోనే కుర్చీలు వేశారు. తాడుతో చెట్టు చుట్టూ చతురస్రం కట్టి, అందులో ఒక చెట్టు ఉందని రాసుకున్నారు. నైట్రోజన్ క్యాను పట్టుకుని వనిత, తోడుగా ఆమె మేనత్త బుగ్గమ్మ పక్కన నిలబడ్డారు. బుగ్గమ్మ విస్తర్లు కుట్టి బతికే మనిషి.

తనిఖీ ముగిసి భోజనాల వేళయింది. బగారన్నం, మటన్ తుర్కయాంజాల్ నుంచి వేడివేడిగా వచ్చాయి. ప్లేట్లు తుర్కయాంజాల్‌లోనే ఉండిపోయాయి.

"బుగ్గమ్మా, జర విస్తర్లు కుట్టియ్యరాదు?" అన్నాడు భూపాల్.

"ఆకు ఈ చెట్టుకే ఉన్నది సారూ. కడమయన్ని ఎండినయ్."

"గదే కొయ్యి మరి."

"నేను కొయ్య," అంది బుగ్గమ్మ. "మా పోరి మూడేండ్ల సంది గీ ఆకుల కోసమే తిరుగుతున్నది. గిది ముట్టకుండ్రి."

కమిటీ ఆకలితో ఉంది. డ్రైవర్ కిష్టా కూడా పల్లెటూరివాడే. చెట్టెక్కి, కొమ్మలు విరిచి, చీపురుపుల్లలతో గబగబా కుట్టేశాడు. కింద పడ్డ ఒక ఆకును వనిత క్యానులో వేద్దామని వంగింది.

"ఆగమ్మా," అన్నాడు రత్నాకర్. "నీకింక పర్మిషన్ రాలె."

"మీరు చెట్టంత దూసిన్రు కద సార్!"

"ఇవి ఆకులు కావమ్మా, విస్తర్లు. వాటికి మినహాయింపున్నది. అన్నం పెడితే విస్తరి, డబ్బల పెడితే నమూనా."

రూలు స్పష్టంగా ఉంది. వనితకు ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. అది నిబంధనలకు విరుద్ధం కాదు కాబట్టి ఎవరూ ఆపలేదు. భోజనం బాగుందన్నారు. చెయ్యి కడుక్కున్న వెంటనే ఏకగ్రీవంగా సంతకాలు పెట్టారు. ‘ఆకుల నాణ్యతను కమిటీ స్వయంగా పరిశీలించి సంతృప్తి చెందినందున, సదరు చెట్టు నుండి జూన్ ఆఖరులోగా పది ఆకులు కోయుటకు అనుమతించడమైనది.’

సదరు చెట్టు మోడై నిలబడి ఉంది.

కార్లు దిగిపోయాక బుగ్గమ్మ ఎంగిలి విస్తర్ల కుప్పలోంచి ఒకటి తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది. "గిదన్న పనికొస్తదేమో చూడు బిడ్డా."

వనిత చూసింది. వేడి కూరకు ప్రొటీన్లు ఉడికిపోయాయి. డీఎన్ఏ పరీక్షలో బియ్యం, మేక, పుదీనా, బాగా తిన్న ఒక మనిషి స్పష్టంగా బయటపడ్డారు. మోదుగ అంతంత మాత్రం. జూన్ గడిచింది, ఫెలోషిప్ ఆగింది. జూలై వానలకు చెట్టు మళ్లీ చిగిర్చింది. అప్పటికి అనుమతి గడువు తీరింది, చుట్టూ అన్ని మోదుగలూ పచ్చగానే ఉన్నాయి. వనిత హయత్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బాటనీ చెప్పడానికి చేరింది.

ఒకరోజు భూపాల్ ఫోన్ చేశాడు. "ఆ పది ఆకులు ఏమైనయో రాసియ్యాలె కదమ్మా. ఎన్ని కోసినవ్?"

"ఒక్కటి గూడ కొయ్యలే సార్."

"మస్తు మంచి ముచ్చట," అన్నాడు భూపాల్ మనస్ఫూర్తిగా.

ఆ ఏడాది ఉత్తమ సంరక్షణ పురస్కారం ఆ కార్యాలయానికే వచ్చింది. ప్రశంసాపత్రంలో ఒకే వాక్యం ఉంది. ‘వీరి పరిధిలో ఈ సంవత్సరం పరిశోధనల వలన అడవి ఒక్క ఆకునూ కోల్పోలేదు.’