రెండో డబ్బాలో పంచదార

ఆ రోజు పొద్దున్నే సంతోషకుమారి వేసుకున్న పథకం చిన్నదే. భర్త జక్రయ్య మాస్టారికి పులిహోర కట్టివ్వాలి, నల్లపాడు స్టేషనుకు ఆటో పిలవాలి, గుమ్మంలో నిలబడి నవ్వుతూ సాగనంపాలి. చివరిదే కష్టం. వెనకటికి వాళ్ల నాన్నను నవ్వుతూ సాగనంపింది, ఆయన తిరిగి రాలేదు. అన్నను నవ్వకుండా సాగనంపింది, అతనూ రాలేదు. అందుకని ఎవరైనా చెప్పులు తొడుక్కుంటుంటే ఏ మొహం పెట్టాలో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

పొదిలిలో మిషన్ బడికి లెక్కల మాస్టారు దొరక్క పిల్లలు ఖాళీగా కూర్చుంటున్నారని తెలిసి, ఏడాది చివరిదాకా తాను చెబుతానని జక్రయ్య ఒప్పుకున్నాడు. రైల్లో దొనకొండ, అక్కణ్ణించి బస్సు.

"రిటైరైన మనిషికి ఈ వయసులో హాస్టలు కూడేందండీ?"

"లెక్కలకి వయసేంది కుమారీ?"

మాటామాటా పెరిగింది. ఆ విసురులోనే ఆమె అలమరలో రెండో డబ్బాలోని పంచదారంతా పొట్లం కట్టి ఆయన సంచిలో కుక్కింది. చిరిగిపోయిన ఉప్పు ప్యాకెట్టు కనిపిస్తే, ఖాళీ అయింది కదా అని ఆ డబ్బాలోనే ఒంపింది.

మనవరాలు ఫెబా లాప్‌టాప్ ముందు కూర్చుని టిఫిను తింటోంది. చర్చి గోడకు వేలాడే బల్బుల అక్షరాల బోర్డును నడిపే ప్రోగ్రాం ఆ పిల్ల రాసిందే. "పాస్టరు గారు చెప్పింది ఒకటి, తాతయ్యకి వీడ్కోలు ఒకటి. రెండూ పెట్టేశా అమ్మమ్మా" అని, తెరమీద ఓసారి సరిచూసుకుని, గుంటూరులో ఆఫీసుకు బస్సెక్కింది.

కాసేపటికి మాస్టారూ ఆటో ఎక్కాడు. "వెళ్తున్నా" అన్నాడు.

సంతోషకుమారి గేటు దాకా వచ్చి ఆటో వెనకే చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన "వెళ్లొస్తా" అనకుండా గేటు దాటింది లేదు. కోపంలో అన్నాడులే అని సర్దిచెప్పుకుంది. కోపంలో అయినా ఆ మాట అనకూడదు గదా అని మళ్లీ తనే అనుకుంది.

గంటసేపు అలా అనుకుంటూ ఉండగానే పక్కింటి జమీలా కొంగు నోట్లో కుక్కుకుని వచ్చి ఆమెను వాటేసుకుంది.

"అక్కా, నువ్వేం మాట్లాడొద్దు. కూర్చో ముందు."

సంతోషకుమారి కూర్చుంది. జమీలా ఏడుస్తూనే వంటింట్లోకి వెళ్లి, "నలుగురూ వస్తారు, టీ పెడతా. పంచదార ఎక్కడక్కా?" అంది.

"రెండో డబ్బాలో" అంది నోరు, అలవాటుగా.

నలుగురు కాదు, నలభై మంది దండలతో వచ్చారు. టెంటు హౌసు కలీం ఎవరూ చెప్పకుండానే షామియానా దించి గుంజలు పాతించాడు. "డబ్బుల మాటెత్తొద్దమ్మా, నాకు ఎక్కాలు నేర్పిన మనిషి" అని కుర్చీలు వేయించాడు. సంతోషకుమారి భర్తకు ఫోను చేసింది. అది దిండు కింద మోగింది. ఫెబాకు పదేపదే చేసింది, ఎత్తలేదు.

ఏమైందని ఎవరినైనా అడగొచ్చు. అడిగితే చెబుతారు. చెబితే అయిపోతుంది. అడగనంతసేపూ ఆయన రైల్లో కిటికీ పక్కన కూర్చుని పులిహోర తింటున్నట్టే. అందుకని ఆమె నోరు విప్పలేదు. పాపం ఆమెకు అంతా తెలుసుననుకుని వచ్చినవాళ్లూ ఆమెతో మాట్లాడలేదు. బయట మాత్రం మాటలు నడుస్తున్నాయి.

"స్టేషన్లోనే అంట."

"గుండె అంట. గుంటూరు నుంచి తీసుకురావాలంట."

"ఎంత మంచోడు" అన్నాడు సంఘపెద్ద మార్కు కళ్లు తుడుచుకుంటూ. "నన్ను కొట్టని రోజు లేదు."

జమీలా టీ పంచింది. మొదటి గుక్కకు అందరూ ఆగారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుఃఖంలో ఉన్న ఇంట్లో టీ బాగాలేదనడం మర్యాద కాదు. కలీం కళ్లు మూసుకుని మందులా మింగాడు. జమీలా తన గ్లాసులోది తులసికోటలో పొయ్యడానికి ఆ ఇంట్లో తులసికోట లేదు గనక గుటకేసింది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది.

"ఒరేయ్ మార్కూ, ఈ టీలో ఉప్పు ఎవడు పోశాడ్రా?"

మార్కు దిగ్గున లేచి చేతులు కట్టుకున్నాడు. "నేను కాదు సార్" అన్నాడు. అన్నాక వెనక్కి తిరిగి చూశాడు. చేతిలో గ్లాసుతో, ఒళ్లో సంచితో, చివరి కుర్చీలో జక్రయ్య మాస్టారు కూర్చుని ఉన్నాడు.

రైలు ఆలస్యమని, మరిచిపోయిన ఫోను కోసం వెనక్కి వచ్చాడాయన. తన గేటు ముందు షామియానా చూసి ఆగిపోయాడు. ఇంట్లో ఉన్నది ఒక్క సంతోషకుమారే. అడగడానికి ధైర్యం చాలక దొరికిన కుర్చీలో కూలబడ్డాడు. ఏడుపు ఆపుకోవడానికి అందిన గ్లాసు నోట్లో పెట్టుకున్నాడు.

గొంతు విని ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"కుమారీ, నువ్వు ఉన్నావా?"

"మీరు ఉన్నారా?"

ఇద్దరూ చాలాసేపు అదే మాట మార్చి మార్చి అడిగారు. ఈలోగా జమీలా చర్చి బోర్డు మీద చూసిందంతా చెప్పింది. పై లైన్లో చావు కబురు, "ప్రభువునందు నిద్రించినవారు: జక్రయ్య మాస్టారు." కింది లైన్లో "సంఘం వీడ్కోలు: జక్రయ్య మాస్టారు."

అమ్మమ్మ నుంచి అన్ని ఫోన్లు వచ్చి ఉండటం చూసి ఫెబా ఆటోలో పరిగెత్తుకొచ్చింది. దారిలో బోర్డు చూసే వచ్చింది గనక మొహం పాలిపోయి ఉంది.

"తప్పు నాదే తాతయ్యా. బోర్డు లోపల ఉన్నది యంత్రానికి దగ్గరగా ఉండే పాత భాష. నేను రాసేది దానికి పైనుండే భాష. పైనుంచి కిందికి పేరు పంపాలి. నేను పేరు పంపలా, పేరు ఏ చోట ఉందో ఆ చోటు చెప్పా. ముందు అక్కడ దీవెనమ్మ గారి పేరు పెట్టా. తర్వాత అదే చోట నీ పేరు పెట్టా. బోర్డు రెండు లైన్లకీ అక్కడికే పోయి చూసుకుంది."

"మరి ఇన్నాళ్లూ?"

"ఇన్నాళ్లూ ఒకసారికి ఒక్క ముక్కే పెట్టేదాన్ని."

జమీలా తన చేతిలోని గ్లాసు వంక చూసింది. "అక్కా, రెండో డబ్బాలో ఏముంది?"

"ఉప్పు" అంది సంతోషకుమారి. "పంచదార ఆయన సంచిలో ఉంది."

"ఇంతకీ పోయింది దీవెనమ్మా?" అన్నాడు మాస్టారు. అందరూ తలలు దించుకున్నారు. దీవెనమ్మ చర్చి ఊడ్చే ముసలామె. నా అన్నవాళ్లు లేరు. అక్కడ సమాధుల దొడ్డిలో, పెట్టె మొయ్యడానికి మనుషులు చాలక పాస్టరు సాల్మన్ గారు దారి చూస్తూ ఉండి ఉంటాడు. మాస్టారు లేచి తనకోసం తెచ్చిన దండల్లో పెద్దది భుజాన వేసుకున్నాడు. మిగతావాళ్లు మిగతావి తీసుకున్నారు. కలీం షామియానా ఊడదీయించాడు.

నల్లపాడులో అంత జనంతో భూస్థాపన ఈమధ్య జరగలేదు. దండ వేసుకుని ముందు నడుస్తున్న మాస్టారిని చూసి, బోర్డు చదివి ఉన్న పాస్టరు గారు గోడ పట్టుకున్నాడు. ఏ మొహం పెట్టాలా అన్న ఆలోచన లేకుండా సంతోషకుమారి ఒక మనిషిని సాగనంపింది అదే మొదటిసారి.

మర్నాడు మాస్టారు అదే రైలుకు బయల్దేరాడు. గేటు దగ్గర "వెళ్లొస్తా" అన్నాడు. ఆటో మలుపు తిరిగేదాకా అదే మాట అంటూనే ఉన్నాడు.

సాయంత్రం జమీలా పంచదార కోసం వచ్చింది. ఎక్కడుందో చెప్పకుండా సంతోషకుమారి లేచి వెళ్లి, ఆయన సంచిలోంచి తీసి పెట్టుకున్న పంచదార గ్లాసులో పోసి తెచ్చి చేతికిచ్చింది. జమీలా మాత్రం వేలితో రుచి చూసుకునే గడప దాటింది.